చప్పుడు చేయని టాపెట్లతోనే చిక్కు

హ్యూస్టన్ శివార్లలో ఉంటున్న ఒక పాఠకుడు, పేరు వేయవద్దని కోరుతూ, చాలా వివరంగా ఉత్తరం రాశారు. వయసు ముప్పై ఏడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. ఆఫీసులో తాను ‘అన్నా’ అని పిలిచే, సొంత జిల్లాకే చెందిన ఒక సహోద్యోగి దగ్గర ఎనిమిది నెలల కిందట 2007 మోడల్ హోండా సీఆర్ఎఫ్ 250ఆర్ డర్ట్ బైకును 2,300 డాలర్లకు కొన్నారు. ‘వాల్వులు ఈ మధ్యే చేయించాను తమ్ముడూ, ఆయిలు మార్చుకుంటూ తోలుకోవడమే నీ పని’ అని ఆ అన్న భరోసా ఇచ్చారట. అప్పటి నుంచి శామ్ హ్యూస్టన్ నేషనల్ ఫారెస్టు దారుల్లో వీలున్న వారాంతాల్లో నడుపుతున్నారు. మొదట్లో రెండు మూడు కిక్కులకే అందుకున్న బండి ఇప్పుడు కాలు పీకేదాకా కొట్టినా అందుకోవడం లేదు. చోక్ లాగితే ఒక్కోసారి, పల్లంలో తోసి గేరులో వదిలితే దాదాపు ప్రతిసారీ స్టార్ట్ అవుతోంది. అయ్యాక మాత్రం లోపమేదీ కనిపించడం లేదు.

దారిలో కలిసిన తోటి రైడర్లు ‘టైటానియం వాల్వులు పోయినట్టే’ అన్నారు. ఒక వర్క్‌షాపు వారు ఇంజను తెరవకుండానే హెడ్, అంటే వాల్వులుండే ఇంజను పైభాగం, పని మొత్తానికి 1,400 డాలర్లు అంచనా చెప్పారు. భార్య అమ్మేయమంటున్నారు. అన్నను అడిగితే ‘నేను అబద్ధమాడానంటావా’ అంటారేమోనని సంకోచం. అడగకుండా ఉంటే లోపల కోపం పెరుగుతోంది, వాళ్ళింటికి భోజనానికి పిలిచినా ఏదో సాకు చెప్పి తప్పించుకుంటున్నారు. ఉత్తరం చివర ఆయన ఇలా రాశారు: ‘మా నాన్నగారి స్ప్లెండర్‌కు మా ఊరి మెకానిక్ టాపెట్ సెట్టింగు ఇట్టే చేసేసేవాడు. నా బండిలో టాపెట్ల చప్పుడే లేదు, అయినా అందరూ వాల్వులే అంటున్నారు. నేనే విప్పి చూసుకోవచ్చా, చూస్తే పాడు చేస్తానా? అన్నను అడగాలా, ఊరుకోవాలా? అసలు ఈ బండి ఉంచుకోవాలా?’

సమాధానం:

మీరు మాటవరసకు రాసినట్టున్న ఆ చప్పుడు సంగతి దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే మీ అనుమానాలన్నీ అక్కడే ముడిపడి ఉన్నాయి. మన ఊళ్ళలో టాపెట్లను, అంటే వాల్వును నొక్కే భాగం దగ్గరి సందును, చెవితో కనిపెట్టడం అలవాటు. స్ప్లెండర్ లాంటి బండిలో వాల్వును నొక్కే రాకర్ ఆర్మ్ అనే మీట చివర ఒక స్క్రూ, దాన్ని బిగించే లాక్‌నట్ ఉంటాయి. ఆ భాగాలు అరిగేకొద్దీ సందు పెద్దదై టకటకమని చప్పుడు వస్తుంది, మెకానిక్ దాన్ని విని బిగిస్తాడు. మీ బండిలో జరిగేది దీనికి తలకిందులు. ఇంజను పనిచేస్తున్నకొద్దీ, పెట్రోలు కలిసిన గాలిని లోపలికి వదిలే ఇన్లెట్ వాల్వు అంచు, అది వాలే సీటు అరుగుతాయి. వాల్వు సీటులోకి కొద్దికొద్దిగా దిగబడుతుంది, దాని కాడ అంతమేరకు పైకి లేస్తుంది. కాడకూ, తిరుగుతూ వాల్వును నొక్కి తెరిచే క్యామ్‌కూ మధ్య ఉండవలసిన సందు అలా మూసుకుపోతుంది. సందు తగ్గిన టాపెట్ చప్పుడు చేయదు. ఇంజను ఇదివరకటికన్నా నెమ్మదిగా, హాయిగా ఉన్నట్టు కూడా వినిపిస్తుంది. కనుక చప్పుడు లేదన్న మాట మీ బండి విషయంలో ధైర్యం చెప్పే లక్షణం కాదు.

సందు పూర్తిగా పోయినప్పుడు క్యామ్ వాల్వును పూర్తిగా మూసుకోనివ్వదు. వెంట్రుకవాసి తెరుచుకుని ఉన్న వాల్వు గుండా కంప్రెషన్, అంటే పిస్టన్ నొక్కిన మిశ్రమపు ఒత్తిడి, జారిపోతుంది. కాలితో కిక్ కొట్టినప్పుడు ఇంజను మెల్లగా తిరుగుతుంది కనుక జారిపోవడానికి వ్యవధి ఎక్కువ, మిశ్రమం అంటుకోదు. పల్లంలో తోసినప్పుడు ఇంజను వేగంగా, వరసగా తిరుగుతుంది, జారిపోయే వ్యవధి తగ్గుతుంది, బండి అందుకుంటుంది. ఒకసారి అందుకున్నాక వేలకొద్దీ ఆర్పీఎంలో ఆ లోపం బయటపడదు. మీరు చెప్పిన లక్షణాలు దీనికి బాగా సరిపోతున్నాయి. అయితే కార్బ్యురేటర్‌లో పైలట్ జెట్ అనే సన్నటి పెట్రోలు రంధ్రం పూడుకుపోయినా చోక్ లాగితేనే స్టార్ట్ కావడం, తోస్తే అందుకోవడం చాలావరకు ఇలాగే ఉంటాయి. అందువల్ల తోటి రైడర్ల మాటను గానీ, తెరవకుండా చెప్పిన 1,400 డాలర్ల అంచనాను గానీ తీర్పుగా తీసుకోకండి. ఈ చిక్కులో మీకు, మీ శ్రీమతికి, మీ అన్నకు, వర్క్‌షాపుకు అందరికీ అభిప్రాయాలు ఉన్నాయి. ఎవరి దగ్గరా లేనివి నాలుగు అంకెలు. రెండు ఇన్లెట్ వాల్వులు, పొగను బయటికి వదిలే రెండు ఎగ్జాస్ట్ వాల్వుల సందుల కొలతలు అవి. వాటిని తీసుకునేదాకా ఏ నిర్ణయమూ చేయవద్దని నా మనవి.

మీరే కొలవవచ్చా అంటే, కొలవవచ్చు. కొలవడం వేరు, మార్చడం వేరు అన్నది మాత్రం మనసులో ఉంచుకోండి. కొలిచేటప్పుడు సీటు, ట్యాంకు, స్పార్క్ ప్లగ్, హెడ్ పై మూత, ఇంజను పక్కనున్న చిన్న బిళ్ళ తప్ప ఏదీ ఊడదీయనక్కరలేదు. క్యామ్ ఉన్నచోటే ఉంటుంది, దాన్ని తిప్పే చైన్ ఉన్నచోటే ఉంటుంది. ఈ దశలో జాగ్రత్తగల మనిషి పాడు చేయగలిగింది చాలా తక్కువ. మూత తెరిచే ముందు బండిని బాగా కడిగి ఆరనివ్వండి, ట్యాంకు తీశాక ఫ్రేము లోపలి వైపు అంటుకున్న మట్టిని కూడా తుడవండి. అక్కడి మట్టిపెళ్ళ ఒకటి తెరిచిన ఇంజనులో పడితే మీరు కొలవబోతున్న అరుగుదలకు మీరే తోడుపడినట్టవుతుంది. ఇదే మోడల్, ఇదే సంవత్సరం సర్వీస్ మాన్యువల్ ఒకటి ముందుగా సంపాదించుకోండి. సందులో దూర్చి కొలిచే రేకుల కట్ట, అంటే ఫీలర్ గేజ్, మిల్లీమీటర్లలో ఉన్నది, సన్నటి రేకులున్నది కొనండి. అమెరికా దుకాణాల్లో దొరికే గేజ్‌లు ఎక్కువగా అంగుళాల లెక్కలో ఉంటాయి: వాటి 0.005 అంటే మన 0.127 మిల్లీమీటర్లు, 0.003 అంటే 0.076. రెండు లెక్కలూ కలిపేసి కంగారుపడినవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఇంజను చల్లగా ఉండాలి. హోండా మాన్యువల్ ప్రకారం 35 డిగ్రీల సెల్సియస్ లోపు. మీరుండేది హ్యూస్టన్ కనుక ఇది తేలిగ్గా తీసుకోవలసిన షరతు కాదు. వేసవి మధ్యాహ్నం మీ గ్యారేజే ఆ హద్దు దాటి ఉంటుంది. ముందు రాత్రి బండిని ముట్టుకోకుండా ఉంచి తెల్లవారుజామున కొలవండి.

కుడివైపు క్రాంక్‌కేసు మూత మీద ఉన్న చిన్న బిళ్ళ తీస్తే, పిస్టన్‌ను పైకీ కిందికీ ఆడించే క్రాంక్‌ను తిప్పే బోల్టు కనిపిస్తుంది. దాన్ని గడియారం ముల్లు తిరిగే దిశలోనే తిప్పుతూ, లోపలి గేరు మీది చుక్క గుర్తు మూత మీది గుర్తుకు ఎదురుగా వచ్చేలా ఆపాలి. గుర్తు దాటిపోతే వెనక్కి తిప్పకండి, మళ్ళీ చుట్టు తిప్పి రండి. పిస్టన్ పైకి వచ్చే సందర్భాలు రెండు: ఒకటి కంప్రెషన్ చివర, ఇంకొకటి ఎగ్జాస్ట్ చివర. మనకు కావలసింది మొదటిది. అప్పుడు క్యామ్ స్ప్రాకెట్ అనే పళ్ళచక్రం మీది గీతలు మాన్యువల్‌లో చూపిన చోట ఉంటాయి, క్యామ్ ముక్కులు వాల్వులను నొక్కుతూ ఉండవు. రాకర్ ఆర్మ్ బిగుసుకుని ఉంటే ఇంకొక పూర్తి చుట్టు తిప్పండి.

మీ ఇంజనులో క్యామ్‌షాఫ్ట్ ఒక్కటే. ఇన్లెట్ వాల్వుల మీద బోర్లించిన గిన్నెల్లాంటి బకెట్లుంటాయి, క్యామ్ వాటిని నేరుగా నొక్కుతుంది. కనుక ఇన్లెట్ సందును క్యామ్‌కూ బకెట్‌కూ మధ్య కొలవాలి. ఎగ్జాస్ట్ వైపు రెండు కొమ్ములున్న రాకర్ ఆర్మ్ ఒకటి రెండు వాల్వులనూ నొక్కుతుంది. అక్కడ రాకర్ కొమ్ముకూ, వాల్వు కాడ చివర కూర్చునే షిమ్ అనే చిన్న ఉక్కు బిళ్ళకూ మధ్య కొలవాలి. ఇన్లెట్ సందు 0.12 మిల్లీమీటర్లు ఉండాలి, 0.03 అటూ ఇటూ పరవాలేదు, అంటే 0.09 నుంచి 0.15 దాకా. ఎగ్జాస్ట్ 0.28, అక్కడా అంతే తేడా చెల్లుతుంది: 0.25 నుంచి 0.31 దాకా. పలచటి రేకుతో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా మందం పెంచండి. రేకు కొద్దిగా పట్టుకుంటూ జారాలి. బలంగా తోస్తే ఎంత మందమైనా దూరినట్టే అనిపిస్తుంది, వంకరగా పెడితే సరైన రేకు కూడా దూరదు. నాలుగు వాల్వులూ కొలిచి కాగితం మీద ‘ఎడమ ఇన్లెట్, కుడి ఇన్లెట్’ అంటూ రాసుకోండి. క్రాంక్‌ను రెండు చుట్లు తిప్పి మళ్ళీ మొదటి నుంచి కొలవండి. రెండుసార్లూ ఒకే అంకె వస్తే మీ చేతిని నమ్మవచ్చు. రాకపోతే ఇంకా తిప్పండి, ఇంకా కొలవండి. మొదటిసారి కొలిచేవారికి ఇదేమీ అవమానం కాదు.

ఇప్పుడు ఆ అంకెలు మీకు చెప్పగలిగేది చూద్దాం. ఉదాహరణకు ఎడమ ఇన్లెట్ 0.05 వచ్చిందనుకోండి. హద్దు దాటి బిగిసింది, అయినా మూసుకోవడానికి కొద్దిగా చోటుంది. సందు పెంచాలంటే పలచటి షిమ్ వేయాలి. లెక్క తేలిక: పాత షిమ్ మందానికి కొలిచిన సందు కలిపి, కావలసిన సందు తీసివేయాలి. పాత షిమ్ మీద 180 అని ఉంటే దాని మందం 1.800 మిల్లీమీటర్లు, 1.800కు 0.05 కలిపి 0.12 తీసివేస్తే 1.730. హోండా షిమ్‌లు 0.025 తేడాతో దొరుకుతాయి కనుక 1.725 వేస్తే సందు 0.125 అవుతుంది. బయటి కంపెనీల పెట్టెల్లో సాధారణంగా 0.05 తేడాతో ఉంటాయి, వాటితో ఇంత దగ్గరగా రాకపోవచ్చు. పాత షిమ్ మీది అంకెను మాత్రం గుడ్డిగా నమ్మకండి. అది అరిగి ఉండవచ్చు, లేదా ఎవరో సానపట్టి ఉండవచ్చు. మైక్రోమీటరుతో కొలిచిన మందమే లెక్కలో వేయండి.

లెక్క ఇంత సులువైతే వర్క్‌షాపు వారు హెడ్ పని అంటూ 1,400 డాలర్లు అడగడం మోసమేనా అని మీకు అనిపించవచ్చు. కాదు. షిమ్ మార్చడం కొలతను సరిచేస్తుంది, అరుగుదలను ఆపదు. ఈ తేడా మీకు అర్థం కావాలంటే టైటానియం గురించి కొంచెం చెప్పుకోవాలి. మీ ఇంజను నిమిషానికి 13,000 చుట్లు దాకా తిరుగుతుంది. ఆ వేగంలో ఒక్కో వాల్వు సెకనుకు వందసార్లకు పైగా తెరుచుకుని మూసుకుంటుంది. అంత చురుకుగా కదలాలంటే వాల్వు తేలికగా ఉండాలి కనుక ఇన్లెట్ వైపు టైటానియం వాడారు. ఎగ్జాస్ట్ వైపు వేడి ఎక్కువ, అక్కడ ఉక్కు ఉంటుంది. టైటానియం తేలిక గానీ, రాపిడిని దానంతట అది తట్టుకోలేదు. దాని ముఖం మీద చాలా పలచటి గట్టి పూత ఒకటి ఉంటుంది. ఆ పూత ఉన్నన్నాళ్ళూ సందు ఎన్నో గంటలపాటు కదలదు. పూత పోయాక అరుగుదల ఒక్కసారిగా వేగం అందుకుంటుంది. ఈరోజు షిమ్ వేసి 0.12కు తెచ్చిన సందు కొద్ది గంటల స్వారీలోనే మళ్ళీ మూసుకుపోతుంది. పళ్ళ మీది పింగాణీ పొర అరిగాక పుచ్చు ఎంత త్వరగా లోపలికి దిగుతుందో, ఇదీ అంతే.

ఇది ఆ యంత్రంలోని దోషమని నేను అనను. పందేల కోసం చేసిన ఇంజను అది, గంటల లెక్కన విప్పి చూసుకుంటారన్న నమ్మకం మీద తయారైంది. పూతను తినేసేది ప్రధానంగా దుమ్ము. ఎయిర్ ఫిల్టర్ నురుగును కడిగి, ఆయిలు పట్టించి, అంచుకు గ్రీజు రాసి సరిగ్గా కూర్చోబెట్టకపోతే సన్నటి ఇసుక నేరుగా ఇన్లెట్ వాల్వుల మీదుగానే లోపలికి పోతుంది. మీరు ఆయిలు సంగతి రాశారు గానీ ఫిల్టర్ ఊసు ఎత్తలేదు. అది ఎన్నిసార్లు శుభ్రం చేశారో ఒకసారి గుర్తుచేసుకోండి.

ఇక్కడే మీ అన్న సంగతి కూడా తేలుతుంది. ‘వాల్వులు చేయించాను’ అన్న మాట కింద మూడు వేరువేరు పనులు ఉండవచ్చు: సందు కొలిపించి సరిగానే ఉందనిపించుకోవడం, షిమ్‌లు మార్పించడం, కొత్త వాల్వులు, స్ప్రింగులు వేయించి సీట్లు కోయించడం. రెండోది జరిగి ఉంటే ఆయన నిజమే చెప్పారు, ఆ రోజున బండి నిజంగానే బాగుంది. అదే సమయంలో మీ బండి ఈ స్థితికి రావడమూ సహజమే. చాలామంది యజమానులకు ఈ తేడా తెలియదు. షాపువాళ్ళు ‘అయిపోయింది సార్’ అంటే అయిపోయిందనే అనుకుంటారు. ఆయన మిమ్మల్ని మోసం చేశారన్న నిర్ధారణకు కావలసిన ఆధారం మీ ఉత్తరంలో నాకు కనిపించలేదు. చేయలేదన్న ఆధారమూ లేదు. కానీ ఎనిమిది నెలల కోపాన్ని మోయడానికి మాత్రం ఇది చాలదు.

కనుక అడగండి, నిందగా కాక పనికోసం అడగండి. ఈ ఇంజనులో ఎవరు చెయ్యి పెట్టినా మొదట కావలసింది పాత చరిత్ర. కొత్తలో ఏ షిమ్‌లు ఉండేవో, వాటి స్థానంలో ఏవి వేశారో తెలిస్తే వాల్వు మొత్తం ఎంత దిగబడిందో తెలుస్తుంది. మొదటి కొలత నుంచి మొత్తం 0.10 మిల్లీమీటర్లకు మించి కదిలితే ఆ వాల్వును ఇక నమ్మకూడదని చాలామంది మెకానిక్కుల లెక్క. ‘అన్నా, సందు కొలిచాను, ఎడమ ఇన్లెట్ ఇంత వచ్చింది. అప్పుడు ఏ షాపులో చేయించారు, షిమ్‌లు మార్చారా, వాల్వులు మార్చారా? బిల్లు గానీ, రాసిన కాగితం గానీ ఉందా?’ అని అడగండి. ఇలా అడిగితే ఆయన చెప్పగలిగిన జవాబు ఉంటుంది, తనను తాను సమర్థించుకోవలసిన అవసరం ఉండదు. ఆఫీసు చాట్‌లో మెసేజ్ పెట్టకండి. అక్కడ ఏ ప్రశ్న అయినా ఆరోపణలాగే చదువుకుంటారు. ఫోనులో అడగండి, లేదా మీరు తప్పించుకుంటున్న ఆ భోజనానికే వెళ్ళి అడగండి.

కొలవకముందే అడగవచ్చు కదా అంటే, అడగవచ్చు. కానీ అప్పుడు మీ దగ్గర ఫిర్యాదు తప్ప ఏమీ ఉండదు, ఆయన దగ్గర జ్ఞాపకం తప్ప ఏమీ ఉండదు. మాట పెరగడానికి అంతకన్నా అనువైన సందర్భం లేదు. అసలు అడగకపోతే పాత చరిత్ర లేకుండానే మీరు ఖర్చు నిర్ణయించుకోవలసి వస్తుంది, స్నేహం ఇప్పటిలాగే నానుతూ ఉంటుంది. డబ్బు వెనక్కి వస్తుందన్న ఆశ మాత్రం పెట్టుకోకండి. తెలిసినవాళ్ళ మధ్య పాత బండి అమ్మకం ఉన్నది ఉన్నట్టుగా జరిగేదే, పైగా ఎనిమిది నెలలు మీరు నడిపారు. ఆయనంతట ఆయన కొంత ఇస్తానంటే తీసుకోవడంలో తప్పులేదు.

ఇక అంకెలను బట్టి మీ ముందుండే దారులు. ఇన్లెట్ రెండూ 0.05, 0.07 దగ్గర ఉండి, పాత షిమ్‌ల సంగతి తెలియకపోతే, ఒక్కసారి షిమ్ వేసి చూడటం న్యాయమే. కొన్ని డాలర్ల ఖర్చు. వేశాక అయిదారు గంటలు నడిపి మళ్ళీ చల్లటి ఇంజను మీద కొలవండి. కదలకపోతే ఈ వాల్వులకు ఇంకా ఆయుష్షు ఉంది, మీకు ఈ సీజను గడుస్తుంది. 0.03 గానీ అంతకన్నా ఎక్కువ గానీ కదిలితే పూత పోయినట్టే. రెండోసారి షిమ్ వేయాలన్న కోరికను అక్కడే ఆపుకోండి. పలచటి షిమ్‌లు వేసుకుంటూ పోయేవాళ్ళకు బండి స్టార్ట్ అవుతూనే ఉంటుంది, ఆ సంతృప్తే ప్రమాదం. పూత పోయి పలచబడిన వాల్వు తల ఏదో ఒక రోజు పూర్తి వేగంలో విరిగి పిస్టన్ మీద పడితే, పిస్టన్, హెడ్, సిలిండరు మూడూ ఒకేసారి పోతాయి. అప్పుడు 1,400 డాలర్ల అంచనా చవకగా కనిపిస్తుంది.

ఏ ఇన్లెట్ దగ్గరైనా అతి పలచటి రేకు కూడా దూరకపోతే, లేదా ఆ షాపులో షిమ్‌లే మార్చారని మీ అన్న చెబితే, షిమ్ దశ దాటిపోయిందనే అనుకోండి. కావాలంటే ముందు లీక్‌డౌన్ పరీక్ష చేయించండి. పిస్టన్‌ను పైన ఆపి ప్లగ్ రంధ్రం గుండా గాలి పంపితే, కార్బ్యురేటర్ వైపు బుసబుసమంటే ఇన్లెట్ వాల్వులు, సైలెన్సరు వైపు అయితే ఎగ్జాస్ట్ వాల్వులు, క్రాంక్‌కేసు గొట్టం వైపు అయితే రింగులు. మామూలు కంప్రెషన్ గేజ్ ఈ బండికి అంతగా పనికిరాదు. కిక్ తేలిక కావడానికి పెట్టిన ఆటో డీకంప్రెసర్ కొలతను తక్కువ చేసి చూపిస్తుంది.

హెడ్ పని చేయించేటప్పుడు మళ్ళీ టైటానియం వేయించాలా, ఉక్కు వేయించాలా అన్నది మీ ఎంపిక. టైటానియం వేస్తే ఇంజను పుట్టినప్పటి చురుకు అలాగే ఉంటుంది, దుమ్ము విషయంలో నాజూకు కూడా అలాగే ఉంటుంది. స్టెయిన్‌లెస్ ఉక్కు వాల్వులు ఎక్కువకాలం ఓర్చుకుంటాయి. బరువు ఎక్కువ కనుక వాటికి సరిపోయే గట్టి స్ప్రింగులు తప్పకుండా వేయాలి, చిట్టచివరి వేగం దగ్గర చురుకు కొద్దిగా తగ్గుతుంది. పందేలు మీ ఉద్దేశం కాదని ఉత్తరం చూస్తే తెలుస్తోంది. అడవిదారుల్లో వారాంతాల్లో నడిపే మీకు ఆ తగ్గుదల తెలియదు, నేనైతే ఉక్కు వైపే మొగ్గుతాను. ఏది వేసినా సీట్లు కొత్తగా కోయించాలి. అరిగిన సీటు మీద కొత్త వాల్వు పెడితే అదీ త్వరలోనే పాతదాని దారి పడుతుంది. పాత టైటానియం వాల్వునే గ్రైండింగ్ పేస్టుతో రుద్ది కూర్చోబెడతానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, మిగిలిన పూత ఆ రుద్దడంతోనే పోతుంది. హెడ్ ఎలాగూ ఊడుతుంది కనుక పిస్టన్, రింగుల వయసు కూడా అప్పుడే చూడమనండి. వర్క్‌షాపును మీరు అడగవలసింది కూడా ఇదే: 1,400 డాలర్లలో సీట్లు కోయడం ఉందా, స్ప్రింగులు ఉన్నాయా, ఏ లోహపు వాల్వులు? మూడింటికీ రాతలో జవాబు ఇవ్వగలిగితే ఆ అంచనా నిజాయితీగలదే కావచ్చు. ఇవ్వలేకపోతే హెడ్‌ను మాత్రమే విప్పి, సీట్లు కోసే మెషిన్ షాపుకు పంపే దారి కూడా ఉంది, ఖర్చు తగ్గుతుంది, మీ పని పెరుగుతుంది.

షిమ్ మార్చడం మీ చేత్తోనే చేయాలా అన్నది ఇంకొక ప్రశ్న. కొలవడంలో ఉన్నంత క్షేమం ఇందులో లేదు. చైన్ టెన్షనర్‌ను వెనక్కి తిప్పి పట్టి ఉంచాలి, స్ప్రాకెట్ విప్పాలి, చైన్ లోపలికి జారకుండా తీగతో కట్టాలి, క్యామ్ హోల్డరు బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా వదులు చేస్తూ తీయాలి. మీ ఇంజనులో ఇన్లెట్ బకెట్లు ఆ హోల్డరులోనే ఉంటాయి. ఎత్తేటప్పుడు అవి జారిపడవచ్చు, వాటి అడుగున అంటుకున్న షిమ్ జారి చైన్ గుంటలో పడితే దానికోసం ఇంజను అడుగుదాకా వెతకాలి. ముందుగానే ఆ గుంటను శుభ్రమైన, పోగులు రాలని గుడ్డతో మూసి, అయస్కాంతపు పుల్లతో షిమ్‌లు తీసి, ఏది ఎక్కడిదో రాసిన కాగితం మీదే పెట్టండి. తిరిగి బిగించేటప్పుడు టార్క్ రెంచి, మాన్యువల్‌లో ఇచ్చిన అంకెలు తప్పనిసరి. చేతి అంచనాతో బిగించి హెడ్‌లోని మరలు పాడు చేస్తే అది వాల్వుల కన్నా పెద్ద ఖర్చు. అన్నీ బిగించాక క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, గుర్తులు మళ్ళీ కలిశాయో లేదో చూసి, నాలుగు సందులూ మళ్ళీ కొలవండి. తిప్పేటప్పుడు ఎక్కడైనా గట్టిగా తగిలితే బలం వాడకండి. చైన్ ఒక పన్ను తప్పి ఉంటుంది, వాల్వు పిస్టన్‌ను తాకుతూ ఉంటుంది. ఇదంతా చదివి ఉత్సాహం కలిగితే చేయండి, గుబులు కలిగితే కొలత మాత్రం మీరు తీసి షిమ్ పని ఒక మెకానిక్‌కు అప్పగించండి. అంకెలు చేతిలో ఉన్న యజమానితో వర్క్‌షాపులు మాట్లాడే తీరు కూడా వేరుగా ఉంటుంది.

మీ శ్రీమతి మాటను నేను కొట్టివేయను. ఎంత ఖర్చవుతుందో తెలియని బండి ఇంట్లో ఉండటం ఆమెకు నచ్చకపోవడంలో అన్యాయం లేదు. కొలత తీశాక, అంకెలు ఆమె ముందు పెట్టి, ఇంతకు మించి దీని మీద పెట్టనని ఒక హద్దు ఇద్దరూ కలిసి అనుకోండి. ఆ హద్దు హెడ్ పని కన్నా తక్కువైతే అమ్మడమే మేలు. అప్పుడు కొలతల కాగితాన్ని బండితోపాటే కొనేవారికి ఇవ్వండి, ధర తగ్గించండి. కొలవకుండా, ‘నడుస్తూనే ఉంది’ అని చెప్పి అమ్మితే బహుశా ఇంకొన్ని వందల డాలర్లు వస్తాయి, కొన్న కుర్రాడికి మీరే అన్న అవుతారు.

చివరగా, నాలుగు అంకెలూ హద్దుల్లోనే వచ్చే అవకాశం కూడా ఉంది. అలా వస్తే పైన రాసిన ఖర్చుల్లో ఏదీ మీకు అక్కరలేదు. మూత బిగించి, కార్బ్యురేటర్ విప్పి పైలట్ జెట్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు వారాల తరబడి గిన్నెలో నిలవ ఉంటే ఆ సన్నటి రంధ్రం మూసుకుపోతుంది. శుభ్రం చేసి, కొత్త పెట్రోలు పోసి, కొత్త ప్లగ్ వేసి చూడండి. మీ అన్నకు అప్పుడు కూడా ఫోను చేయండి, వాల్వులు బాగానే ఉన్నాయని చెప్పడానికి.